సెప్టెంబర్ 17: ఆడవాళ్ల అభిప్రాయం ఎవరడిగారు?

ఏటా సెప్టెంబర్ నెల వచ్చేసరికి మా ఏన్కూరు సెంటర్లో వాదం మొదలవుతుంది. ఒకరు విమోచన దినం అంటారు. ఒకరు విలీన దినం అంటారు. మరొకరు విద్రోహ దినం అంటారు. 2022లో కేంద్ర ప్రభుత్వం దాన్ని విమోచన దినోత్సవంగా జరిపితే, అదే రోజున అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవంగా జరిపింది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అని మరో పేరు పెట్టింది. జెండాలు మారుతున్నాయి, పేర్లు మారుతున్నాయి. మైకు పట్టుకునే చేతులు మాత్రం మారడం లేదు. అవి ఎప్పుడూ మగవాళ్ల చేతులే.

ఈ పేర్ల తగాదా వెనక ఉన్న అసలు ప్రశ్న ఒకటే. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి రావడం న్యాయమా, కాదా? ప్రజలు దాన్ని సమర్థించారా, లేదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లందరూ ‘ప్రజలు’ అనే మాటను ధారాళంగా వాడతారు. ఆ ప్రజల్లో మనం ఉన్నామా అన్నదే నా సందేహం.

పరాయి సైన్యమా, మన సైన్యమా?

ఇప్పటి పిల్లలకు ఈ మాట వింతగా ఉంటుంది. భారత సైన్యం హైదరాబాద్‌కు పరాయిది ఎలా అవుతుంది అని అడుగుతారు. కానీ ఆనాటి కాగితాల ప్రకారం చూస్తే సంగతి అంత సులువు కాదు. 1947 ఆగస్టు 15న నిజాం భారతదేశంలో చేరలేదు, పాకిస్తాన్‌లోనూ చేరలేదు. తాను స్వతంత్రుణ్ణన్నాడు. నవంబర్ 29న ఢిల్లీతో ఏడాదిపాటు యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. ఏడాది తిరక్కముందే ఆ ఒప్పందం చెడింది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. అంటే నిజాం లెక్కలో అది ఒక దేశం మీద మరో దేశం చేసే దాడి. ఢిల్లీ లెక్కలో అది ఇంటి వ్యవహారం. అందుకే ట్యాంకులతో, విమానాలతో ఒక మేజర్ జనరల్ నడిపించిన చర్యకు ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టారు. మన ముసలివాళ్లు మాత్రం దాన్ని ‘యూనియన్ మిలట్రీ వచ్చినప్పుడు’ అనే చెప్పుకుంటారు. పోలీసుకూ మిలట్రీకీ తేడా వాళ్లకు తెలుసు.

మా ప్రాంతానికి ఈ సరిహద్దు మరీ దగ్గరి సంగతి. ఇప్పటి ఖమ్మం జిల్లా అప్పుడు వరంగల్ జిల్లాలో భాగం. గోదావరి దాటి అవతలికి పోతే భద్రాచలం, అది మద్రాసు రాష్ట్రం. మధిర దాటి దక్షిణానికి పోతే కృష్ణా జిల్లా, అదీ మద్రాసు రాష్ట్రమే. అక్కాచెల్లెళ్లలో ఒకామె నైజాంలో, ఒకామె యూనియన్‌లో కాపురం చేసిన కుటుంబాలు ఎన్నో. అటునుంచి వచ్చేవాళ్లు జనానికి పరాయివాళ్లు కారు. భాష ఒకటే, బంధుత్వాలు ఒకటే. రజాకార్ల బాధ పడలేక పిల్లల్ని చంకనేసుకుని, గొడ్డూగోదా తోలుకుని సరిహద్దు దాటి తలదాచుకున్నది అటువైపే. కాబట్టి ‘పరాయి సైన్యం దండెత్తింది’ అన్న నిజాం వాదనను మా ప్రాంతపు రైతుకుటుంబాలు ఒప్పుకోలేదంటే ఆశ్చర్యం లేదు.

వద్దన్నది ఎవరు, కావాలన్నది ఎవరు?

నిజాం పాలన పోవాలని కోరుకున్నవాళ్లలో ఆడవాళ్లే ముందున్నారు. దీన్ని ఎవరూ కాదనలేరు. వెట్టిచాకిరీలో సగం బరువు మోసింది వాళ్లే. దొరల గడీల్లో నీళ్లు తోడింది, పిండి విసిరింది, పేడకళ్లు ఎత్తింది వాళ్లే. బాలింత అయినా పసిబిడ్డను గట్టున పడుకోబెట్టి దొర పొలంలో నాటు వేయాల్సింది ఆమే. అడవి పల్లెల్లో జంగ్లాత్ అధికారులకు కోళ్లూ, నెయ్యీ ముట్టచెప్పి, ఇంటి ఆడపిల్లల్ని దాచుకుంటూ బతికింది కోయ తల్లులే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట విసునూరు దేశ్‌ముఖ్ పాలు కాకుండా నిలబడింది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తూటాలకు నేలకొరిగాక ఊళ్లకు ఊళ్లు లేచాయి. రోకళ్లు, కారప్పొడి పట్టుకుని పోలీసుల్నీ రజాకార్లనూ ఆడవాళ్లు ఎదుర్కొన్నారు.

1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లూ, నిజాం బలగాలూ కలిసి ఒక్క రోజున వందమందికి పైగా గ్రామస్థుల్ని చంపారు. ఆ నెలలో ఎవరైనా పల్లెకు పోయి ‘సైన్యం రావాలా, వద్దా’ అని అడిగి ఉంటే రావాలనే చెప్పేవాళ్లు. సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడన్న కబురు వినగానే జనం పండగ చేసుకున్నారు. ఆ సంతోషం నిజమైనది. దాన్ని ఎవరూ చిన్నచేయకూడదు. నేనూ చేయను.

అయితే అప్పటికే మూడువేల గ్రామాల్లో జనం తమ శక్తితోనే దొరల్ని తరిమి, భూములు పంచుకుని, పంచాయితీలు నడుపుకుంటున్నారని కమ్యూనిస్టులు చెబుతూ వచ్చారు. గ్రామాల సంఖ్య ఎంతన్నది పక్కన పెట్టినా, తెలంగాణలో రైతాంగం సగం దారి తనంతట తానే నడిచిందన్నది వాస్తవం. సైన్యం వచ్చింది నిజాంను దించడానికి మాత్రమేనా, ఈ జనాన్ని ఆపడానికి కూడానా అన్న అనుమానం ఇక్కడే మొదలవుతుంది.

అయిదు రోజులు, మూడేళ్లు

నిజాం లొంగుబాటుకు పట్టింది అయిదు రోజులు. ఆ తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నర్‌గా 1949 డిసెంబర్ దాకా పాలించాడు. బలగాల వేట మాత్రం 1951 దాకా నడిచింది. సెప్టెంబర్ 17 సభల్లో ఆ అయిదు రోజుల గురించి అందరూ గంటలకొద్దీ మాట్లాడతారు. ఆ తర్వాతి మూడేళ్ల గురించి అయిదు నిమిషాలు కూడా మాట్లాడరు. ఆడవాళ్ల లెక్కంతా ఆ మూడేళ్లలోనే ఉంది.

మొదటిది, మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల సంగతి. సైన్యం వచ్చాక అక్కడ ముస్లింల మీద జరిగిన హత్యాకాండను విచారించడానికి ప్రధాని నెహ్రూ పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను పంపారు. వాళ్లు 1948 చివర్లో జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చారు. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు బాగా దెబ్బతిన్నాయని రాశారు. స్త్రీల అపహరణలూ అత్యాచారాలూ జరిగాయని రాశారు. కొన్నిచోట్ల సైనికులూ, స్థానిక పోలీసులూ లూటీల్లో పాల్గొన్నారని కూడా రాశారు. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. 2013లో గానీ అది జనం చదవడానికి అందుబాటులోకి రాలేదు. ఆ 65 ఏళ్లలో ఆ బాధిత స్త్రీలలో ఎంతమంది తమ మాటకు విలువ దొరకకుండానే కన్నుమూశారో ఆలోచించండి. రజాకార్లు చేసిన పాపానికి ఆ పాపంతో సంబంధంలేని ముస్లిం ఆడవాళ్లు మూల్యం చెల్లించారు. కాసిం రజ్వీకి జైలుశిక్ష పడింది, శిక్ష ముగిశాక పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఈ ఆడవాళ్లు వెళ్లడానికి ఎక్కడా చోటు లేదు.

రెండోది, మన తెలంగాణ పల్లెల సంగతి. సైన్యం వెనకే గడీలకు దొరలు తిరిగొచ్చారు. పంచుకున్న భూములు లాక్కోవడం మొదలైంది. దళాలకు అన్నం పెట్టారన్న నెపంతో ఆడవాళ్లను కొట్టారు, చెరిచారు, క్యాంపులకు ఈడ్చుకుపోయారు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన పోరాట చరిత్రలో ఇవన్నీ ఊళ్ల పేర్లతో నమోదయ్యాయి. ఈ కాలంలో నాలుగువేల మంది కార్యకర్తలు, రైతులు చనిపోయారని ఆయన లెక్క.

మూడోది, మా అడవి సంగతి. మైదానాల్లో ఒత్తిడి పెరిగి దళాలు గోదావరి అడవుల్లోకి జరిగాక సైన్యమూ వాళ్ల వెంట అడవిలోకొచ్చింది. బ్రిటిష్‌వాళ్లు మలయాలో గెరిల్లాలకు జనాన్ని దూరం చేయడానికి పల్లెల్ని ఖాళీచేయించి కంచెల్లో పెట్టారు. దాన్ని బ్రిగ్స్ పథకం అన్నారు. అలాంటిదే ఇక్కడ కోయగూడేల మీద అమలయిందని సుందరయ్య రాశారు. గూడేలు తగలబెట్టి, జనాన్ని ఒకచోట చేర్చి కాపలా పెట్టారు. పోడు పోయింది, ఇప్పపువ్వు ఏరుకోవడం పోయింది, దుంపలు తవ్వుకోవడం పోయింది. జబ్బులతో పిల్లలు చనిపోయారు. గింజలేని ఇంట్లో పొయ్యి ఎలా వెలిగించాలన్న బాధ ఆ కంచెల్లోనూ ఆడమనిషిదే.

ముగ్గురు ముసలమ్మల మాట

పదిహేనేళ్ల కిందట మా సంఘం తరఫున ఈ చుట్టుపక్కల ఊళ్లల్లో పెద్దవాళ్లను కలిసి మాట్లాడాం. వాళ్లలో ముగ్గురి మాటలు నాకు బాగా గుర్తున్నాయి. పేర్లు రాయను, వాళ్లు వద్దన్నారు.

రైతుకుటుంబంలోని ఒకామె అంది: “మిలట్రీ వచ్చిందని తెలిసినాకనే మా అమ్మ మమ్మల్ని ఇంటికి తోలుకొచ్చింది బిడ్డా. లేకుంటే ఆ కృష్ణా జిల్లాలోనే కూలికి పోయి బతికేటోళ్లం.” ఆమెకు సైన్యం రావడం న్యాయం. అందులో ఆమెకు అనుమానమే లేదు.

గూడెంలోని ఒక కోయ పెద్దమ్మ అంది: “రజాకార్లొచ్చినా అడివికి ఉరికింది మేమే, మిలట్రీ వొచ్చినా ఉరికింది మేమే. ఎవరు మంచోళ్లో మీ సదువుకున్నోళ్లు చెప్పాలె.” ఆ మాటలో ఎగతాళి ఉంది. మేం నోరు మెదపలేదు.

మూడో ఆమె ముస్లిం. ఆమె చాలాసేపు ఏమీ చెప్పలేదు. చివరికి, ఆ రోజుల్లో పక్కింటి కాపుల ఇంటి ఆడవాళ్లు తన తల్లికి నుదుట బొట్టుపెట్టి వాళ్ల ధాన్యపు గదిలో దాచారని చెప్పింది. “ఆళ్లు దాచకుంటే నేను పుట్టకపోదును” అని మాత్రం అంది. న్యాయమా అన్యాయమా అన్న ప్రశ్న ఆమెను మేం అడగలేదు.

ఈ ముగ్గురూ ఒకే తాలూకా మనుషులు. ముగ్గురికీ వేరువేరు అనుభవాలు. ‘తెలంగాణ ప్రజలు సైన్యాన్ని స్వాగతించారు’ అన్న ఒక్క వాక్యంలో వీళ్లలో ఒక్కరే ఇముడుతుంది. ‘తెలంగాణకు విద్రోహం జరిగింది’ అన్న వాక్యంలోనూ ముగ్గురూ ఇమడరు.

ప్రజాభిప్రాయానికి చేతికందే కొలత ఒకటుంది. 1952లో వయోజనులందరికీ ఓటు వచ్చాక, ఆడవాళ్లు కూడా ఓటేశాక, తెలంగాణలో నల్లగొండ, వరంగల్ జిల్లాలు పీడీఎఫ్ పేరుతో నిలబడ్డ కమ్యూనిస్టులకు పట్టం కట్టాయి. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. నిజాం పోయినందుకు పండగ చేసుకున్న జనమే, ఆ సైన్యాన్ని పంపినవాళ్లకు వ్యతిరేకంగా ఓటేశారు. సైన్యం వచ్చిన రోజు గురించి వాళ్ల అభిప్రాయం ఒకటి, ఉండిపోయిన మూడేళ్ల గురించి మరొకటి. రెంటినీ కలిపి ఒకే జవాబు రాబట్టాలని చూడటమే మన నాయకులు చేస్తున్న తప్పు.

పార్టీ కూడా అడగలేదు

ఢిల్లీ అడగలేదు, నిజాం అడగలేదు, సరే. పోరాటం నడిపిన పార్టీ అయినా ఆడవాళ్లను అడిగిందా? సైన్యం వచ్చాక ఆయుధాలు దించాలని రావి నారాయణరెడ్డి వంటివారు అన్నారు. కొనసాగించాలని మరికొందరు అన్నారు. 1951 అక్టోబర్‌లో విరమించారు. ఈ చర్చంతా నాయకుల మధ్య జరిగింది. గోదావరి అడవుల్లో కోయల మధ్య పనిచేసిన మల్లు స్వరాజ్యం వంటివాళ్లు, కన్నబిడ్డను అడవిలో వేరేవాళ్ల చేతుల్లో పెట్టి దళంతో నడిచిన కమలమ్మ వంటివాళ్లు ఆ నిర్ణయాల్లో ఎక్కడ ఉన్నారు? విరమణ తర్వాత ‘ఇక ఇళ్లకు వెళ్లండి’ అన్నప్పుడు ఏ ఇంటికి వెళ్లాలో తెలియక నిలబడిపోయిన ఆడవాళ్ల గోడు స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో నమోదయింది. ఆ పుస్తకం రాకపోయి ఉంటే ఈ ప్రశ్న అడగడం మనకూ తెలిసేది కాదు.

ఆడవాళ్ల పేరుతో వచ్చే సైన్యాలు

ఇది 1948తో అయిపోయిన విషయం కాదు. 2001లో అమెరికా అఫ్ఘనిస్తాన్ మీదకు వెళ్లినప్పుడు అక్కడి ఆడవాళ్లను తాలిబన్ల నుంచి విడిపించడాన్ని కూడా ఒక కారణంగా చెప్పింది. ఇరవై ఏళ్లు ఉండి, 2021 ఆగస్టులో వెళ్లిపోయింది. తాలిబన్లు తిరిగొచ్చి ఆడపిల్లల హైస్కూళ్లు మూసేశారు. ఇరవై ఏళ్లలో చదువుకున్న అమ్మాయిలు లేరా అంటే ఉన్నారు, అది చిన్న విషయం కాదు. కానీ వాళ్లకోసమే వచ్చామన్నవాళ్లు, వెళ్లిపోయే ఒప్పందం తాలిబన్లతో రాసుకున్నప్పుడు ఆ ఆడవాళ్లను అడగలేదు.

1987లో భారత శాంతి సేన శ్రీలంకకు వెళ్లింది. యాళ్పాణంలో తమిళులు మొదట పూలదండలతో ఎదురెళ్లారు. మూడు నెలలు తిరిగేసరికి యుద్ధం. అక్టోబర్‌లో ఆస్పత్రిలోనే రోగుల్నీ డాక్టర్లనూ నర్సులనూ కాల్చిచంపారు. యాళ్పాణం విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలైన డాక్టర్ రజనీ తిరణగమ సైనికులు చెరిచిన స్త్రీల దగ్గరకు వెళ్లి వాళ్ల మాట రాసింది. అంతటితో ఆగకుండా పులుల అత్యాచారాలూ రాసింది, ప్రభుత్వ సైన్యం చేసినవీ రాసింది. 1989 సెప్టెంబర్ 21న ఆమెను సైకిల్ మీద ఇంటికి వెళ్తుండగా కాల్చిచంపారు. ఏ పక్షం తుపాకీ అయినా ఆడవాళ్ల మీద తిరిగినప్పుడు పేరుపెట్టి చెప్పాలన్నది ఆమె మనకు చూపిన దారి. సెప్టెంబర్ 17 సభల్లో మనం పాటించాల్సింది కూడా అదే.

అయితే న్యాయమా, కాదా?

నా అభిప్రాయం దాటవేయను. నిజాం పాలన, రజాకార్ల దౌర్జన్యం పోవడం న్యాయం. దానికోసం జనం నెత్తురు ధారపోశారు, బయటి సాయం కోరుకున్నారు. ఆ మేరకు సైన్యం రాకను నేను తప్పుపట్టను. కానీ రావడానికి ఉన్న న్యాయం, వచ్చాక చేసిన ప్రతి పనికీ న్యాయం కాదు. లాతూరు, ఉస్మానాబాద్ ప్రాంతాల్లో ముస్లింలను చంపడానికి దాన్నుంచి అనుమతి రాదు. కోయగూడేలు తగలబెట్టడానికి రాదు. దొరలకు భూములు తిరిగి కట్టబెట్టడానికి అసలే రాదు. అందుకే ఏ సైన్యం గురించి అయినా నాలుగు ప్రశ్నలు విడివిడిగా వేయాలి. ఎవరు పిలిచారు? వచ్చి ఏం చేసింది? ఎప్పుడు వెళ్లింది? చేసినదానికి ఎవరికి జవాబు చెప్పింది? 1948 విషయంలో మొదటి ప్రశ్నకు దీటైన జవాబుంది. నాలుగోదానికి ఈనాటికీ లేదు.

‘పాత పుండు ఇప్పుడెందుకు రేపడం?’ అంటారు. పుండు మానితే కదా పాతదయ్యేది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలై గూడేలు తగలబెట్టి జనాన్ని క్యాంపుల్లో పెట్టినప్పుడు, వేలాదిమంది గుత్తికోయలు పారిపోయి మన ఖమ్మం అడవుల్లోకే వచ్చారు. 1950లో ఇక్కడ కోయలకు జరిగిందే మళ్లీ జరిగింది. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమంది. అయినా ఆ వలస వచ్చిన తల్లులకు రేషన్ కార్డు కోసం, పోడు కోసం ఈనాటికీ తిప్పలే. 2007లో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో పదకొండుమంది కోందు స్త్రీలు పోలీసులు తమను చెరిచారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితుల్ని విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూ బాధితులకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు కోర్టుచుట్టూ తిరిగితే మిగిలింది అది. 1949లో అడవి పల్లెల్లో చెరచబడ్డ స్త్రీలకు ఆ మాత్రం కోర్టుగడప కూడా దొరకలేదు.

‘సైన్యాన్ని విమర్శిస్తే రజాకార్లను సమర్థించినట్టే’ అని మరో మాట. ఈ బెదిరింపుకు మనం లొంగకూడదు. రజాకార్ల అత్యాచారాల గురించి చెప్పే హక్కు మనకు ఎక్కడిది? ఆ బాధితురాలు ఆడది, మనిషి అన్నందుకే. ఆ హక్కే రెండో బాధితురాలికీ వర్తిస్తుంది. మతాన్నిబట్టి, కులాన్నిబట్టి, యూనిఫాం రంగునుబట్టి అత్యాచారం అర్థం మారదు.

కార్యకర్తలుగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సుందర్‌లాల్ నివేదికను తెలుగులో చదివి వినిపించే సమావేశాలు ప్రతి జిల్లాలో పెట్టుకోవాలి. ఆనాటి మనుషులు దాదాపుగా వెళ్లిపోయారు, కానీ వాళ్ల కూతుళ్లూ కోడళ్లూ ఉన్నారు. విన్న మాటలు వాళ్లదగ్గర ఉన్నాయి. గూడేల్లో, ముస్లిం వాడల్లో, దళిత వాడల్లో వాటిని ఇప్పుడే రాసిపెట్టాలి. బలగాల మీద వచ్చే అత్యాచార ఫిర్యాదులను ఆ బలగాలతో సంబంధంలేని అధికారులే దర్యాప్తు చేయాలన్న డిమాండును సెప్టెంబర్ 17నే వినిపించాలి. ఆ రోజున జరిగే ప్రతి సభలో, అది ఏ పార్టీదైనా సరే, వేదిక మీద మన మనిషి ఉండాలని అడగాలి. ఇవ్వకపోతే మనమే వేరే సభ పెట్టుకోవాలి.

మా ఏన్కూరులో వచ్చే సెప్టెంబర్ 17న అలాంటి సభ పెట్టాలని నిర్ణయించాం. దానికి ఏ పేరు పెట్టాలన్నది ఇంకా తేలలేదు. గూడెం నుంచి వచ్చే ఆడవాళ్లూ, వాడల నుంచి వచ్చే ఆడవాళ్లూ కూర్చుని మాట్లాడుకున్నాకే పేరు పెడతాం.